వెనక ఇరుసు ఎక్కడ విప్పాలి? ఇంటి ముందా, షెడ్డులోనా: క్రౌన్-పినియన్ మార్పిడిపై ఒక సమీక్ష

సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలంలో కూరగాయల రైతు సరుకు తెల్లారేసరికి వంటిమామిడి మార్కెట్టుకు చేరాలి. దాన్ని మోసేవి పికప్‌లు, టాటా ఏస్‌లు, ఈకోలు, పాత జీపులు. అన్నీ వెనక చక్రాలకు బలం అందే బండ్లే. ఇరుసు నడుమ గుండ్రంగా ఉబ్బి కనిపించే హౌసింగులోంచి ఒకరోజు మోత మొదలవుతుంది. క్రౌన్-పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ చివరి చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్) పోయిందంటారు. అక్కడినుంచి ఏ ఇద్దరి మాటా కలవదు. కంపెనీ వర్క్‌షాపుకే తీసుకుపొమ్మని ఒకరు, గజ్వేల్ షెడ్డులో సగం ఖర్చుతో అయిపోతుందని ఇంకొకరు చెబుతారు. జాకీ, పానాలు ఉంటే ఇంటి ముందే విప్పుకోవచ్చని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఈ మూడో మాటకు బలం పెరిగింది. పనిముట్లు చవకయ్యాయి, విడిభాగాలు ఇంటికే వస్తున్నాయి, విప్పడం ఎలాగో చూపే వీడియోలు ఫోన్లోనే దొరుకుతున్నాయి.

ఈ వాదం చిక్కుపడడానికి ప్రధాన కారణం, వేర్వేరు పనులను ఒకే పేరుతో పిలవడం. హౌసింగు విప్పడం ఒక పని. లోపలి గేర్లు మార్చడం ఒక పని. మార్చిన గేర్లను సరిగా కూర్చోబెట్టడం మూడో పని. వీటిని విడదీసి చూస్తే చాలా తగాదాలు తీరతాయి. తీరనివీ కొన్ని మిగులుతాయి.

జీపు కాలం నుంచి ఈకో దాకా

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్లాలి. రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒక టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. ఈ సమస్యకు నేటి రూపంలోని పరిష్కారమైన డిఫరెన్షియల్‌ను ఫ్రాన్సుకు చెందిన గడియారాల పనివాడు ఒనెసిఫోర్ పెక్వర్ 1820ల చివర ఆవిరి బండి కోసం కనిపెట్టి పేటెంటు పొందాడు. ఆ తర్వాత వచ్చిన ముఖ్యమైన మార్పు హైపాయిడ్ గేరు. 1926లో ప్యాకార్డ్ కారుతో రోడ్డెక్కిన ఈ పద్ధతిలో పినియన్ క్రౌన్ మధ్యరేఖకు కాస్త కిందుగా కూర్చుంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ కిందికి దిగి కారు నేల చదునైంది. పినియన్ లావుగా, బలంగా తయారైంది. అయితే పన్ను పన్ను మీద దొర్లడంతోపాటు జారడమూ మొదలై, మామూలు ఆయిలు సరిపోకుండా పోయింది. ఆ జారుడు వల్లే నేటికీ ఆయిల్ గొడవ నడుస్తోంది.

మనదేశంలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల కూర్పు 1940ల చివర మొదలుపెట్టింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కూడా వెనక చక్రాల బండ్లే. మెదక్ ప్రాంతానికి వస్తే, జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ లారీలు తయారయ్యేవి. 1980ల చివర ఆ సంస్థ మహీంద్రా చేతికి వచ్చింది. అప్పట్లో రోడ్డు మీదున్న బండ్లలో దాదాపు అన్నింటికీ బలం వెనక ఇరుసుకే అందేది. ఆ పని నేర్చుకున్న మేస్త్రీ చాలావాటిని విప్పగలిగేవాడు.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో లెక్క మారింది. అది ముందు చక్రాలతో నడుస్తుంది. దాని డిఫరెన్షియల్ గేరుబాక్సులోనే ఇమిడి ఉంటుంది. పట్నం కార్లలో ఎక్కువ భాగం క్రమంగా ఆ దారి పట్టాయి. ఇన్నోవా కూడా 2022లో హైక్రాస్ రూపానికి వచ్చేసరికి ముందు చక్రాలకు మారింది. బరువు మోసే బండ్లు మాత్రం మారలేదు. సుమో, బొలెరో, స్కార్పియో, 2005లో వచ్చిన టాటా ఏస్, 2010లో వచ్చిన ఈకో వెనక ఇరుసునే నమ్ముకున్నాయి. అందుకే ఈ పని పట్నపు షెడ్లలో అరుదవుతుంటే, మర్కూక్ లాంటి పల్లెల్లో అవసరం తగ్గలేదు.

ట్రాక్టరును ఈ చర్చలోంచి ముందే పక్కన పెట్టాలి. దాని డిఫరెన్షియల్ వెనక పెట్టెలో ఉంటుంది. చాలా మోడళ్లలో హైడ్రాలిక్కుకూ గేర్లకూ ఒకటే ఆయిలు. అక్కడికి చేరాలంటే చాలాసార్లు బండిని విడదీయాల్సి వస్తుంది. కేజీవీల్స్ వేసి బురదలో దున్నే ట్రాక్టరు కష్టాలు వేరు, వాటి మరమ్మతు వేరు. జీపుకు చెల్లిన సలహా దానికి చెల్లదు.

మోత ఎక్కడిది?

ఇంట్లో మార్చాలా, షెడ్డులో మార్చాలా అని వాదించుకునేవాళ్లు అసలు మార్చాల్సిన అవసరం ఉందా అన్న ప్రశ్నను దాటేస్తుంటారు. వెనకనుంచి మోత వస్తే నింద ముందుగా క్రౌన్-పినియన్ మీదే పడుతుంది. తీరా విప్పి చూస్తే దోషం ఇంకెక్కడో ఉండే సందర్భాలు తక్కువేమీ కాదు.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడే ‘ఊ’ అని కూత వచ్చి, కాలు తీస్తే ఆగితే, పినియన్ నడిపే వైపు పళ్ల మీద అనుమానం పెట్టాలి. కాలు తీసినప్పుడే కూత వస్తే దోషం రెండో వైపు పళ్లలో ఉండొచ్చు. తొక్కినా తీసినా ఒకేలా గరగరమంటూ, బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు పెరిగితే అది చక్రం బేరింగు అయ్యే అవకాశం ఎక్కువ. తిన్నగా వెళ్లేటప్పుడు మౌనంగా ఉండి, మలుపులో మాత్రమే కరకరలాడితే డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు, అంటే స్టార్ పినియన్లు, సన్ గేర్లు అరిగినట్టు. గేరు వేసి క్లచ్ వదలగానే ఒక్కసారి ‘టక్’మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ క్రాసును ముందు చూడాలి. క్రాసు మార్చడం చిన్న పని, హౌసింగు విప్పడం పెద్ద పని. చిన్నదాన్ని వదిలి పెద్దదానికి చేయిపెట్టడం వల్ల ఇంటి మరమ్మతుకూ షెడ్డు మరమ్మతుకూ సమానంగా చెడ్డపేరు వచ్చింది.

గేర్లు ఎందుకు అరుగుతాయన్నదీ ఇక్కడే చెప్పుకోవాలి. అధిక బరువు ఒక కారణం. రెండు వెనక టైర్లు వేర్వేరు అరుగుదలలో ఉంటే తిన్నటి దారిలో కూడా స్టార్ పినియన్లు ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. ఒక చక్రం బురదలో దిగబడి గిరగిరా తిరుగుతుంటే, డ్రైవరు ఆపకుండా తొక్కుతుంటే, స్టార్ పినియన్లు తిరిగే స్పైడర్ క్రాసు మాడిపోతుంది.

ఎవరూ అంతగా పట్టించుకోని భాగం ఒకటుంది. ఇరుసు గొట్టం మీద వేలెడంత కూడా లేని బ్రీదర్. ఇరుసు వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి ఈ బ్రీదర్ గుండా బయటికి పోవాలి. దానికి బురద పట్టి మూసుకుపోతే ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లలోంచి ఆయిలు బయటికి తోసుకొస్తుంది. బ్రేకు డ్రమ్ములు తడుస్తాయి, లోపల ఆయిలు తగ్గుతుంది, పినియన్ ఎండుతుంది. ఇంకోవైపు, నడిచి నడిచి వేడెక్కిన ఇరుసు వాగులోనో కాలువలోనో ఒక్కసారిగా దిగితే లోపలి గాలి కుంచించుకుని సీళ్ల పక్కనుంచి నీళ్లను లాక్కుంటుంది. అప్పుడు ఆయిలు పాల రంగుకు తిరుగుతుంది. కొండపోచమ్మ సాగర్ జలాశయం వచ్చాక కాలువ గట్లు, నీళ్లు పారే దారులు పెరిగిన మండలంలో బండి ఉన్నవాళ్లు బ్రీదర్‌ను తరచూ చూడడం క్రౌన్-పినియన్ మార్చడం నేర్చుకోవడం కంటే లాభసాటి.

మూడు వాదాలు, ఒక పాత అనుభవం

మొదటిది వర్క్‌షాపు వాదం. క్రౌన్-పినియన్ అమరిక మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. ప్రత్యేక పనిముట్లు, ప్రెస్సు, శుభ్రమైన బల్ల, కంపెనీ అంకెలు లేకుండా చేయకూడదంటారు. చేతగాని అమరిక వల్ల కొత్త సెట్టు కొన్ని వేల కిలోమీటర్లకే పోతుందన్నది వారి వాదన. అది నిజం కూడా. అయితే ప్రతి వర్క్‌షాపూ ఆ కొలతలు తీస్తుందని ఈ వాదం ముందే ఒప్పేసుకుంటుంది. బండి యజమానికి అది తెలిసే దారి లేదు.

రెండోది ఇంటి వాదం. గేరు అంటే గేరే, నిదానంగా, శుభ్రంగా చేసేవాడు తొందరలో ఉన్న మేస్త్రీ కంటే బాగా చేయగలడంటారు. సొంత బండి మీద ఉండే శ్రద్ధ, పనికి ఇచ్చే సమయం దీని బలం. పట్నం షెడ్డుకు బండి తోలుకుపోతే రోజుల తరబడి సరుకు ఆగిపోతుంది, లేదా అద్దె బండి పెట్టుకోవాలి. ఆ నష్టం వర్క్‌షాపు వాదుల లెక్కలోకి రాదు. దీని బలహీనత, విప్పిన ధైర్యం కూర్పు దాకా సరిపోతుందనే నమ్మకం.

మూడోది అసెంబ్లీ వాదం. గేర్లను ముట్టుకోవద్దు, మొత్తం డిఫరెన్షియల్ ముక్కనో, అవసరమైతే ఇరుసునో దించి ఇంకొకటి ఎక్కించు అంటుంది. హైదరాబాద్ ఆటోనగర్, విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ వాదానికి ఆదరణ ఎక్కువ. పని త్వరగా అవుతుంది, ఇంటి దగ్గర చేయడానికి అన్నింటికంటే అనువైనదీ ఇదే. దించి తెచ్చిన ఆ పాత ముక్క ఎంత తిరిగిందో, ఏ బరువు మోసిందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఈ తగాదా కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే జీపు విషయంలో అమెరికా సైన్యం దీన్ని అంచెలుగా పరిష్కరించుకుంది. బండి నడిపే దళం చేసుకోగల పనులకు ఒక మాన్యువల్. గేర్లు, ఇరుసులు లోపలికంటా విప్పి కూర్చే ఆర్డ్‌నెన్స్ వర్క్‌షాపులకు వేరే మాన్యువల్. యుద్ధభూమి పక్కన కూడా సెట్టింగు పనిని బల్ల మీదికి పంపారన్నమాట. మన వాదులు ముగ్గురూ ఈ అంచెల పద్ధతిని మరిచిపోయి, పని మొత్తం ఒకరికే అప్పగించాలని చూస్తున్నారు.

హౌసింగు తీరును బట్టి జవాబు

వెనక ఇరుసులు ప్రధానంగా రెండు రకాలు. లారీలు, జిప్సీ వంటి బండ్లలో బాంజో తరహా ఉంటుంది. యాక్సిల్ రాడ్లు కాస్త బయటికి లాగి, ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి, చుట్టూ ఉన్న నట్లు తీస్తే క్రౌన్, పినియన్, స్టార్లు ఉన్న ముక్క మొత్తం ముందువైపునుంచి చేతికి వస్తుంది. విల్లీస్ వంశపు జీపుల్లో హౌసింగే గేర్లకు పీఠం. వెనక మూత తీసి, మొదట క్రౌన్‌ను, తర్వాత పినియన్‌ను కూడా వెనకనుంచే బయటికి తీయాలి. సెట్టింగు అంతా బండి కింద, ఇరుసులోనే జరగాలి. లేదంటే ఇరుసునే దించాలి.

తేడా ఇక్కడే తేలుతుంది. బాంజో ఇరుసు ఉన్న బండికి ఇంటి ముందు దించడం, సెట్టింగు కోసం ఆ ముక్కను బస్తాలో కట్టి షెడ్డుకు పంపడం, మళ్లీ ఇంట్లో ఎక్కించడం సాధ్యం. బండి కదలనక్కర్లేదు. ఇరుసులోనే సెట్టింగు చేయాల్సిన బండికి ఈ సౌకర్యం లేదు. ‘ఇంట్లో చేశాను, బాగానే నడుస్తోంది’ అని చెప్పే మాట విన్నప్పుడు ముందు అడగాల్సింది ఆ బండి హౌసింగు ఏ రకం అని. ఈ ఒక్క ప్రశ్న అడక్కపోవడం వల్లే ఒకరి అనుభవం ఇంకొకరి బండికి ప్రమాదమవుతోంది.

దించే పని కూడా తేలికది కాదు. ఆ ముక్క బరువు కిందపడితే కాలు నలిగేంత ఉంటుంది. జాకీ మీదున్న బండి కిందికి దూరకూడదు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకు అడ్డాలు వేయాలి. దుక్కి నేల మీద, ఇసుక మీద స్టాండు కూరుకుపోతుంది. ప్రాణం పోయే ప్రమాదం ఈ పనిలో ఉన్నదల్లా ఇక్కడే. గేరు తప్పుగా కూర్చుంటే డబ్బు పోతుంది. స్టాండు జారితే మనిషి పోతాడు.

కొలత దగ్గర తేలే సంగతి

కొత్త సెట్టు కూర్చేటప్పుడు నాలుగు విషయాలు సరిపోవాలి: పినియన్ లోతు, పినియన్ బేరింగుల బిగువు, బ్యాక్‌లాష్, క్రౌన్ వైపు బేరింగుల బిగువు. ఇవి ఒకదాన్ని మారిస్తే ఇంకొకటి కదిలేవి.

పినియన్ లోతును దాని బేరింగు వెనక పెట్టే షిమ్ములు నిర్ణయిస్తాయి. బ్యాక్‌లాష్ అంటే క్రౌన్ పళ్లకూ పినియన్ పళ్లకూ మధ్య ఉండాల్సిన ఆట. పినియన్‌ను కదలకుండా పట్టి, క్రౌన్ పన్ను మీద డయల్ గేజ్ ముల్లు ఆనించి, క్రౌన్‌ను అటూ ఇటూ ఆడిస్తే గేజ్ చూపేదే ఆ అంకె. కార్లకు, చిన్న వాహనాలకు అది సాధారణంగా 0.13 నుంచి 0.20 మి.మీ. దాకా ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్లోదే. ఒకచోట తీస్తే చాలదు. క్రౌన్ చుట్టూ మూడు నాలుగు చోట్ల తీయాలి. చోటుచోటుకూ తేడా ఎక్కువగా ఉంటే క్రౌన్ వంకరగా కూర్చున్నట్టు, దాని కింద ముఖం మీద ఓ చిన్న బుర్రు మిగిలిపోయినా అలాగే వస్తుంది. చేత్తో ఊపి ‘ఆట సరిపోయింది’ అనడం ఇక్కడ చెల్లదు. 0.15కూ 0.30కూ తేడా చేతికి తెలియదు, రోడ్డు మీద చెవికి తెలుస్తుంది.

ఆ తర్వాత రంగు పరీక్ష. నాలుగైదు క్రౌన్ పళ్లకు రెడ్ లెడ్డో, బ్లూనో పల్చగా పూసి, క్రౌన్‌కు కాస్త అడ్డుపెట్టి బిగువుగా తిప్పితే పినియన్ తాకిన చోట రంగు తుడుచుకుపోయి మచ్చ పడుతుంది. ఆ మచ్చ పన్ను మధ్యలో పడాలి. పన్ను అంచు వైపుకు పడితే పినియన్ దూరంగా ఉన్నట్టు, షిమ్ము పెంచి లోపలికి జరపాలి. పన్ను మొదలు వైపుకు పడితే మరీ లోపలికి వెళ్లినట్టు, షిమ్ము తగ్గించాలి. చిన్న మొనకో, పెద్ద మొనకో జరిగితే బ్యాక్‌లాష్ చూసుకోవాలి. అనుభవజ్ఞుడైన మేస్త్రీ ఆ మచ్చను చూసి చెప్పేయగలడు. కొత్తవాడికి బొమ్మ పక్కన పెట్టుకోవడం తప్పనిసరి.

ఇంట్లో చేసేవాళ్లు ఎక్కువగా ఓడిపోయేది బేరింగు బిగువు దగ్గర. చాలా బండ్లలో పినియన్ రెండు బేరింగుల మధ్య నలిగే గొట్టం ఒకటి ఉంటుంది. ముందరి పెద్ద నట్టును బిగిస్తూ పోతే ఆ గొట్టం నలిగి, సరైన బిగువు దగ్గర ఆగాలి. ఒక్క పట్టు ఎక్కువైతే నట్టును వెనక్కు వదిలి సరిచేద్దామనిపిస్తుంది. అదే తప్పు. నలిగిన గొట్టం మళ్లీ నిలబడదు. దాన్ని పారేసి కొత్తది వేయాలి. బిగువును కొలవడానికి ఖరీదైన పనిముట్టు లేనప్పుడు పాత పద్ధతి ఒకటుంది: ఫ్లేంజికి దారం చుట్టి, స్ప్రింగు త్రాసుతో లాగి, తిరుగుతున్నప్పుడు త్రాసు చూపే బరువును ఫ్లేంజి వ్యాసార్ధంతో గుణించడం. వ్యాసార్ధం 5 సెం.మీ. ఉండి త్రాసు 3 కిలోలు చూపితే సుమారు 1.5 న్యూటన్ మీటర్లు. పాత బేరింగులే వేస్తే కొత్తవాటికంటే తక్కువ బిగువు ఇవ్వాలి. బేరింగు కప్పు, కోను జంటగానే మార్చాలి.

పినియన్ లోతు తేల్చడానికి ఇంటి వాదులు ఒక ఉపాయం వాడతారు. పినియన్ బేరింగు బిగుతుగా దిగుతుంది కాబట్టి షిమ్ము మార్చిన ప్రతిసారీ దాన్ని లాగాల్సి వస్తుంది, లాగితే పాడవుతుంది. అందుకే పాత బేరింగు లోపలి రంధ్రాన్ని కాస్త సాది, చేత్తో ఎక్కేట్టు చేసి, దానితోనే లోతు తేల్చుకుని, చివర ఒక్కసారే కొత్తదాన్ని ప్రెస్సు చేస్తారు. ఇది మంచి పద్ధతి, షెడ్లలోనూ వాడదగ్గది. ఇంట్లో చేసేవాళ్లలో ఇలాంటి శ్రద్ధ ఉన్నవాళ్లు ఉన్నారని వర్క్‌షాపు వాదులు ఒప్పుకోవాలి.

కొత్త సెట్టా, పాత సెట్టా?

క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలోనే జంటగా రుద్ది తయారవుతాయి. రెండింటి మీదా ఒకే జత నంబరు చెక్కి ఉంటుంది. ఒకటి పోయిందని ఒకటే మార్చడం తప్పు. ఈ విషయంలో మూడు వాదాల వాళ్లూ ఏకీభవిస్తారు. పాత సామాను బజారులో కొనేటప్పుడు నంబర్లు కలవకపోతే ధర ఎంత తక్కువైనా తిరగ్గొట్టాలి. పళ్ల మీద గుంటలు, మూలలు విరగడం, వేడికి నీలం తిరగడం కనిపించినా అంతే.

నంబర్లు కలిసిన పాత సెట్టు వేయవచ్చా అన్న దగ్గర మాత్రం మాట ఒక్కటి కాదు. జీపుల్లో కనిపించే 43 పళ్ల క్రౌన్, 8 పళ్ల పినియన్ తీసుకుంటే నిష్పత్తి సుమారు 5.38. 43కూ 8కీ సామాన్య గుణకం లేదు కాబట్టి పినియన్‌లోని ప్రతి పన్నూ క్రౌన్‌లోని ప్రతి పన్నునూ కలుస్తూ పోతుంది, అరుగుదల సమంగా పంచుకుంటుంది. ఇలాంటి జత ఇంకో హౌసింగులోకి మారినా, పాత మచ్చ ఎక్కడుందో అక్కడే మళ్లీ కూర్చోబెట్టగలిగితే మోత రాకపోవచ్చని ఒక వర్గం అంటుంది. అరిగిన పన్నుకు కొత్త కోణం కుదరదు, మోత తప్పదని రెండో వర్గం. సరుకు రవాణా బండికి కొంచెం మోత ఉన్నా నడుస్తుంది, కుటుంబం ఎక్కే కారుకు నడవదు. అందుకని ఈ తగాదా బండి వాడకాన్ని బట్టే తేలాలి.

ఆయిలు మీద అల్లుకున్న అపోహలు

‘90 నంబరు పోస్తే చాలు’ అన్నది తరతరాల మాట. చిక్కదనం ఒక్కటే చూస్తే సరిపోదు. హైపాయిడ్ పళ్ల జారుడుకు తట్టుకునే రసాయనాలు ఆయిలులో ఉండాలి. ఆ శక్తిని సూచించేది జీఎల్ వర్గం. వెనక హైపాయిడ్ ఇరుసుకు సాధారణంగా జీఎల్-5 చెబుతారు. గేరుబాక్సులో ఇత్తడి సింక్రోలు ఉన్నచోట కొందరు తయారీదారులు జీఎల్-4 అడుగుతారు. ఈ రెండు సంగతులూ కలిసిపోయి, ‘జీఎల్-5 పోస్తే ఇత్తడి తినేస్తుంది’ అనే భయం వెనక ఇరుసు దాకా పాకింది. ఆ భయంతో హైపాయిడ్‌కు తక్కువ వర్గం పోస్తే పినియనే నష్టపోతుంది.

మన ఎండాకాలపు వేడికి 140 నంబరు మేలా, 80డబ్ల్యూ-90 మేలా అన్నదానికి అన్ని బండ్లకూ సరిపోయే జవాబు లేదు. బరువు మోసే బండికి చిక్కటిది మేలని అనేవారికి ఆధారం ఉంది, చలికాలం తెల్లవారుజామున చిక్కటి ఆయిలు బేరింగులకు ఆలస్యంగా చేరుతుందనే వాళ్లకూ ఉంది. బండి పుస్తకమే తీర్పరి.

కొత్త సెట్టు వేశాక తొలి ప్రయాణం కొంచెం దూరమే, ఖాళీ బండితో చేసి చల్లారనివ్వాలని, సుమారు 800 కిలోమీటర్ల దగ్గర ఆయిలు మార్చాలని బజారు గేర్లు అమ్మే అమెరికా సంస్థలు పట్టుబడతాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కొత్త బండ్లకు చాలావరకు అలాంటి షరతు ఉండదు. ఇది ఇంకా తెగని వివాదమే. అయినా తొలి ఆయిలు ఖర్చు కొత్త సెట్టు ఖర్చు ముందు చాలా చిన్నది, కాబట్టి మార్చడమే మేలు. తీసిన పాత ఆయిలును చేనుగట్టు మీద పోయకూడదు. వాడిన ఆయిలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. 15 టీఎంసీల జలాశయం ఉన్న మండలంలో ఆ జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

చట్టం, విడిభాగాలు

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. పాత సెట్టు స్థానంలో అదే నిష్పత్తి సెట్టు వేయడం మరమ్మతే, మార్పు కాదు. నిష్పత్తి మార్చడం వేరే సంగతి. 4.1 ఉన్నచోట 4.88 వేస్తే అదే వేగానికి ఇంజను దాదాపు 19 శాతం ఎక్కువ తిరుగుతుంది. ఎక్కుడులో బలం వస్తుంది, రాజీవ్ రహదారి లాంటి పెద్ద రోడ్డు మీద డీజిలు ఎక్కువ తాగుతుంది. గేరుబాక్సు నుంచి వేగం తెలుసుకునే మీటరు తప్పు చెబుతుంది. బరువు మోయడానికి ఈ మార్పు చేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అధిక బరువును అలవాటు చేసే ఈ సలహా అంగీకరించదగ్గది కాదు.

విడిభాగాల విషయంలో 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల సంస్థలపై సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అసలు విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి షెడ్లకు అందకుండా చేస్తున్నారన్నది అందులో ముఖ్యమైన అభియోగం. వ్యవహారం అప్పీళ్లకు వెళ్లింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, ఆ డిసెంబరులోనే పోర్టల్ తెరిచింది. మోటారు వాహనాలు, వ్యవసాయ పరికరాలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. అయితే కారుతో ఇచ్చే పుస్తకం ఇప్పటికీ ఆయిలు గడువు చెబుతుంది, పినియన్ బిగువు చెప్పదు. మర్కూక్‌లో ఒక యువకుడు ఐటీఐలో రెండేళ్ల మోటారు మెకానిక్ కోర్సు చేసి షెడ్డు పెట్టుకున్నా, ఏ బండికి ఎంత బ్యాక్‌లాష్ అన్న అంకె కోసం వెతుక్కోవాల్సిందే. ఇంటి వాదానికీ షెడ్డు వాదానికీ నిజమైన అడ్డు ఇదే, పానాల కొరత కాదు.

తేలినవి, తేలనివి

మోత ఎక్కడిదో పరీక్షించడం, ఆయిలు, బ్రీదర్, సీళ్లు, జాయింట్ క్రాసు చూసుకోవడం ఇంట్లో ఎవరైనా చేయదగ్గ పనులు. బాంజో ముక్కను దించడం, ఎక్కించడం జాగ్రత్త తెలిసిన ఇద్దరు మనుషుల పని. పినియన్ లోతు, బిగువు, బ్యాక్‌లాష్ తేల్చడం డయల్ గేజ్, ప్రెస్సు, ఆ బండి అంకెలు ఉన్నవాళ్ల పని. ఆ మూడూ ఉంటే అది ఇల్లయినా షెడ్డయినా తేడా లేదు. అవి లేకపోతే షెడ్డు బోర్డు ఎంత పెద్దదైనా అక్కడ చేయించకూడదు.

నంబర్లు కలిసిన పాత సెట్ల ఆయుష్షు, తొలి ఆయిలు మార్పు అవసరం ఇంకా తేలలేదు. విద్యుత్ బండ్ల సంగతీ అంతే. టాటా ఏస్ విద్యుత్ రూపం 2022లో వచ్చింది. మోటారు తిరగడం మొదలైన క్షణం నుంచే పూర్తి బలం పళ్ల మీద పడుతుంది, ఇంజను చప్పుడు లేకపోవడంతో చిన్న గేరు కూత కూడా వినిపిస్తుంది. వాటి మరమ్మతు పల్లె షెడ్డుకు ఎంతవరకు అందుతుందన్నది ముందున్న ప్రశ్న.

ఈలోగా హౌసింగు పని చేయించే ప్రతి యజమానీ మేస్త్రీని రెండు అడగాలి: డయల్ గేజ్ చూపిన బ్యాక్‌లాష్ అంకె బిల్లు మీద రాయమని, రంగు మచ్చ పడిన క్రౌన్ పళ్ల ఫొటో తీసి ఇవ్వమని. ఈ రెండూ ఇవ్వలేని చోట క్రౌన్-పినియన్ పని చేయించకండి.